గాలికి సర్వేనెంబరు

పలనాటిసీమలో పుట్టినవానికి వ్యాజ్యము పరదేశపు విద్య కాదు. ఎనిమిదివందల యేండ్ల క్రిందట గురజాల పక్షపు నాగమ్మ మాచర్ల బ్రహ్మనాయునితో కోడిపుంజులపై రాజ్యమును పందెమొడ్డి, ఓడిన మాచర్లవారిని ఏడేండ్లు వలసపంపి, గడువు తీరినపిదప తమ భాగము తమకిమ్మని యడుగవచ్చిన రాయబారి అలరాజును విషముపెట్టి చంపి, తుదకు నాగులేటి యొడ్డున కారెంపూడి రణరంగమున ఉభయపక్షముల వీరులును నేలకొరిగిన కథను ఉగ్గుపాలతో త్రాగినవారమగుటచే, దాయభాగము, సరిహద్దు, ఒడంబడిక, గడువు, రాయబారము అను నీ యైదే మా దేహములకు పంచభూతములని చెప్పినచో అతిశయోక్తి కానేరదు. నరసరావుపేట కోర్టులో చెట్టునీడను బీడీ కాల్చుకొనుచున్న యే రైతునడిగినను, తాత్కాలికపు ఇంజంక్షను సివిల్ ప్రొసీజరు కోడు 39వ ఆర్డరు క్రింద వచ్చునని వకీలుకంటె ముందుగను, ఫీజు పుచ్చుకొనకయు చెప్పును.

అట్టి సీమలో పుట్టి, న్యాయశాస్త్రము చదివి, పొలము, బావి, కల్లము, కాలిబాట అనువానిలో ఏ యొక్కటియు తగులని వ్యాజ్యములలో బ్రతుకు వెళ్లబుచ్చిన దౌర్భాగ్యము నాది. ఢిల్లీనగరమున కేంద్రప్రభుత్వపు పక్షమున కూర్చుండి, కంటికి కనబడక, చేతికి చిక్కక, తూకమునకు తూగక, దేశమంతట నిండియున్న రేడియోతరంగములను ఎవరికీయవచ్చును, ఎంతకీయవచ్చును, ఈయకున్న ఏమగును అను ప్రశ్నలకు సలహాలు వ్రాయుట అప్పటి నా యుద్యోగము. పండుగకు ఊరికి వచ్చినప్పుడెల్ల ఈ యుద్యోగమును బంధువులకు వివరించుట దానిని చేయుటకంటె కష్టముగ నుండెడిది. ముఖ్యముగ మా చిన్నాయనకు. ఆయన గురజాల తాలూకాలో కరణీకము చేసి, 1984లో రామారావుగారి ప్రభుత్వము ఆ యుద్యోగములను ఊడబెరికినపిదప గూడ మనసులో మాత్రము కరణముగనే మిగిలినవాడు.

"గాలికి లాయరేందిరా అబ్బాయ్?" అని ఆయన మొదటి ప్రశ్న.

"గాలికి కాదు చిన్నాయనా, తరంగాలకు. అవి గాలి లేకపోయినా పోతాయి."

"అయితే మరీ నయం. అసలేమీ లేనిదానికి లాయరువన్నమాట. సర్వేనెంబరుందా?"

"ఉంది. మెగాహెర్ట్జ్ అంటారు."

"హద్దులు?"

"ఉన్నాయి. తూర్పు పడమరలు లేవు, పైనా కిందా మాత్రమే."

"పట్టా ఎవరి పేరుమీదుంది?"

"సర్కారు పేరుమీద."

"అట్టా చెప్పవేం మరి! పోరంబోకు."

పెద్ద పెద్ద న్యాయవాదులు పుటలకొలది వ్రాసినదానిని ఆ వృద్ధుడు ఒక్క పలుకులో తేల్చివేసినందున నాకు కొంత చిన్నతనమైనమాట నిజము. కాని ఆ పోరంబోకుకు దస్తావేజు చూపవలసివచ్చినప్పుడు ప్రభుత్వము పడిన పాట్లు చిన్నాయనకు తెలియవు. ఆకాశముపై సర్కారు వారి యధికారమునకు మూలపత్రము 1885వ సంవత్సరపు ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టము. టెలిగ్రాఫును నెలకొల్పి నడుపు అధికారము ప్రభుత్వమునకే కలదని దాని నాలుగవ సెక్షను శాసించినది. జర్మనీదేశమున హెర్ట్జ్ పండితుడు ఈ తరంగములు కలవని ప్రయోగపూర్వకముగ నిరూపించినది ఆ తరువాత రెండు మూడేండ్లకు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మనవారు పరిహాసమునకన్నదానిని ఆంగ్లప్రభువులు నిజముగనే చేసి చూపిరి. పోనిండు, పుట్టుక యట్లున్నను పోవుటయైన సవ్యముగ నుండెనా? 2013 జూలైలో ఈ దేశమున టెలిగ్రాము సేవ ముగిసినది. టెలిగ్రాఫ్ చట్టము మాత్రము 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము చేయబడువరకును, యజమాని గతించినను ఇల్లు వీడని పాలేరువలె, మా బల్లలపై నుండి మాచే ఉదాహరింపబడుచునే యుండెను.

1993లో హీరో కప్పు క్రికెట్టు జరిగినప్పుడు ఈ చట్టమునకు పట్టిన వైభవము చెప్పదగినది. బెంగాలు క్రికెట్ సంఘమువారు ప్రసారహక్కులను దూరదర్శనమునకు గాక విదేశసంస్థకిచ్చుటచే తగవు పుట్టినది. ఆటగాండ్ర బంతులు ఉపగ్రహమునకు ఎగురవచ్చునా, ఎగురరాదా యనుట 1885వ సంవత్సరపు తంతిచట్టమును బట్టి తేలవలసివచ్చినది. 1995 ఫిబ్రవరి 9వ తేదీని సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, వాయుతరంగములు ప్రజల యాస్తియనియు, ప్రజాహితముకొరకు వానిని ప్రభుత్వసంస్థ నియంత్రింపవలెననియు తేలినది. ఆ ధర్మాసనమున తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు ప్రత్యేకముగ తమ తీర్పును వ్రాసిరి. ప్రజల యాస్తియన్న ఆ మాటను నేనొకనాడు నోరుజారి చిన్నాయనతో చెప్పితిని. దాని ఫలము పిమ్మట చెప్పెదను.

ఆస్తి ప్రజలదైనను శిస్తు ప్రజలే కట్టిన కాలమును మా తరమువారు ఎరుగుదురు. 1933వ సంవత్సరపు వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే యింట రేడియోపెట్టె నుంచుకొనుట నేరము. ఆ లైసెన్సు ఒక చిన్న పుస్తకము; ఏటేట తపాలాకచ్చేరికి పోయి రుసుము చెల్లించి దానిపై స్టాంపు అంటింపించుకొనవలెను. మా తాతగారు దానిని పొలముల దస్తావేజులతోపాటు భోషాణములో భద్రపరచి, ఆకాశములో తమకొక చెక్క సంక్రమించినట్లే భావించెడివారు. 837 కిలోహెర్ట్జ్‌పై విజయవాడ కేంద్రము పలుకగనే చేతికఱ్ఱ గోడకానించి, ముందునకు వంగి, చెవియొగ్గెడివారు. సంగీతము బాగుండనినాడు, తాను శిస్తు సకాలమున చెల్లించియుండగా ఈ యపస్వరమేమని ఆ పెట్టెనే నిలవేసెడివారు. 1980ల నడుమ ఆ లైసెన్సు రద్దైనప్పుడు ఊరెల్ల సంతసించినది గాని తాతగారు దుఃఖించిరి. పన్ను లేని భూమిపై హక్కు నిలువదని వారి సిద్ధాంతము.

ఇక నా యుద్యోగము సంగతి. ఇంజనీర్లు పటములు పట్టుకొని వచ్చెదరు. వారి లెక్కలో సంకేతబలము సున్నకు క్రిందనుండును; మైనస్ 70 యనిన మిక్కిలి బలము, మైనస్ 110 అనిన మరణావస్థ. బలమును ఋణముగ లెక్కించు శాస్త్రమును చూచి తలయూపుటకు అలవాటుపడుటయే నా తొలిశిక్షణ. పిమ్మట ఫైలు వచ్చును. అందలి ప్రశ్న "చేయవచ్చునా?" యని యుండును. దీనికి వచ్చుననినచో రేపు ఆడిటువారు నన్నడుగుదురు. రాదనినచో నేడు కార్యదర్శి నన్నడుగును. కావున వచ్చునో రాదో తేలకుండ, కాని తేలినట్లు తోచునట్లుగ, నాలుగు చట్టములు, మూడు తీర్పులు, ఒక "అయినప్పటికిని" చేర్చి, "విధానపరమైన నిర్ణయము సంబంధిత విభాగమువారిదే" అని ముగించుట మా శాఖలో పరమకావ్యముగ పరిగణింపబడును. ఈ రచనారీతికి విశ్వనాథులు గాని శ్రీపాదులు గాని ప్రయత్నింపలేదు. ప్రయత్నించినచో నెగ్గియుండెడివారు కారని నా దృఢవిశ్వాసము.

అన్నిటిలో నాకు ఇంటి వాసన తగిలిన వివాదము ఒక్కటి కలదు. ఆ దినములలో సీడీఎంఏ కంపెనీల టవరులు పలికిన పట్టీ 869 నుండి 889 మెగాహెర్ట్జ్ వరకు; జీఎస్ఎం కంపెనీల టవరులు వినెడి పట్టీ 890 నుండి మొదలు. నడుమ నుండినది ఒక్క మెగాహెర్ట్జ్. ఒకడు గొంతెత్తి యరచుచోటనే రెండవవాడు చెవియొగ్గి గుసగుసలు వినవలసిన దుస్థితి యది. వడపోత పరికరములు ఎవరు పెట్టవలె, ఖర్చెవరిది, ముందుగ వచ్చినదెవరు అని కాగితములు గుట్టలు పడినవి. ఈ సంగతి చెప్పుచుండగనే చిన్నాయన పడకకుర్చీనుండి లేచి కూర్చుండెను. నాగార్జునసాగరపు కుడికాలువ నీటితో ఒకడు వరిమడి తడుపుకొనగా, ప్రక్కవాని మిరపతోటలోనికి ఆ నీరు ఊరి వేరుకుళ్లు పుట్టించిన వ్యవహారములను ఆయన ఎన్నింటినో తీర్చినవాడు. "ఇదంతా గట్టు తగాదానే గదరా! గట్టు సన్నగిల్లితే పంట పోద్ది. ఇద్దరి కాడా చెరో మూర కోసి గట్టు లావు చెయ్యండి" అనెను. ప్రతి యిరుకైన సరిహద్దునను కొంత పట్టీని బీడుగ విడువవలెనని అంతర్జాతీయ నిపుణులు చెప్పునది అక్షరాల నిదియే. అయితే అచటి గట్టు ఖరీదు కోట్లలో నుండుటచే మూర కాదుగదా వ్రేలెడైన విడుచుటకు ఎవరును సమ్మతింపరు. ఈ మాట వినగనే, మనుష్యస్వభావము మెగాహెర్ట్జ్‌లలో గూడ మారలేదని చిన్నాయన మిగుల తృప్తి చెందెను.

2010 చివరను నా గౌరవము మా యూరిలో ఒక్కమారుగ పెరిగిపోయినది. 2008 జనవరి 10వ తేదీని మధ్యాహ్నము టెలికం లైసెన్సులను గూర్చి ఒక ప్రకటన వెలువడుటయు, గంటయైన గడువకమునుపే అభ్యర్థులందఱు సంచార్ భవనమునకు రావలసివచ్చుటయు, మొదట వచ్చినవారికి మొదటయను సూత్రము మొదట రొక్కము కట్టినవారికి మొదట యని రూపాంతరము చెందుటయు అప్పటికి పత్రికల కెక్కియుండెను. దానిపై కాగ్ వారు 1.76 లక్షల కోట్ల రూపాయల ఊహానష్టమును లెక్కగట్టిరి. ఊహయను మాట మా యూరివారి చెవి సోకలేదు. లక్షల కోట్లు మాత్రము సోకినవి. తరంగముల శాఖకు సలహాలిచ్చువాడు నేనని అందఱకు తెలియును. "అందులో మనోడికెంత ముట్టిందో?" అని రచ్చబండపై చర్చ సాగెను. ఆ ఫైలు నా బల్లకు ఆమడదూరమున గూడ రాలేదని ప్రమాణము చేసితిని. మా యిల్లు వానకు కురియుచుండుటను సాక్ష్యముగ చూపితిని. "అబ్బో, ఎంత ఒడుపు! పైకి తేలకుండా ఉండాలని పెంకులు కూడా సర్దించలేదు చూడు" అని నన్ను మెచ్చుకొనిరి. 2012 ఫిబ్రవరి 2వ తేదీని సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దుచేయుటయు, 2017 డిసెంబరులో ప్రత్యేకన్యాయస్థానము నిందితులనందఱిని నిర్దోషులని విడుచుటయు జరిగినవి. మా రచ్చబండ మాత్రము నన్నింకను విడువలేదు.

వేలముల మాట వచ్చినప్పుడు గురజాలవారి యెదుట నోరు విప్పరాదు. 2010లో త్రీజీ వేలము 34 దినములు, 183 విడతలు సాగి 67 వేల కోట్లకు పైగా తెచ్చినదని నేను కొంత గర్వముతో చెప్పగా, చిన్నాయన "నాగమ్మ ఒక్క పూటలో, ఒక్క పుంజుతో, ఏడేళ్ల రాజ్యం తేల్చేసింది. మీకు ముప్ఫైనాలుగు రోజులెందుకురా?" అనెను. ఆ పూట తేలినది తరువాత కారెంపూడిలో ఎట్లు తేలినదో గుర్తుచేయబోయి, పెద్దవారని యూరకుంటిని.

బ్రహ్మనాయుని పక్షమువారికి సంతోషము కలిగించు పట్టీయొకటి లేకపోలేదు. 2005లో ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి లైసెన్సును తొలగించినది. నేడు ఇంటింట వైఫై నడచు పట్టీలలో అదియు నొకటి. నిర్ణీతబలమునకు మించనిచో అందెవరైనను పలుకవచ్చును. కోటీశ్వరుని రూటరును, కూలివాని సెల్‌ఫోను బ్లూటూతును ఒక్క పంక్తినే కూర్చుండును. బ్రహ్మనాయుడు మాచర్లలో పెట్టిన చాపకూడు ఢిల్లీలో గెజెటుకెక్కుటకు ఇన్ని శతాబ్దములు పట్టినది. అయితే ఆ చాపపైననే మైక్రోవేవ్ పొయ్యియు కూర్చుండి, కూర వేడిచేయునంతసేపు మోచేతులతో ప్రక్కవారిని కుమ్ముచుండును. సమపంక్తి భోజనములలో అట్టి యతిథి యొకడు తప్పడు.

2014లో రాష్ట్రము రెండైనప్పుడు నీరు, ఉద్యోగులు, భవనములు, అప్పులు అన్నియు పంపకమునకు వచ్చినవిగాని, దేశమునకున్న 22 టెలికం సర్కిళ్లలో ఆంధ్రప్రదేశ్ సర్కిలు మాత్రము తెలంగాణముతో గూడ ఒక్కటిగనే మిగిలినది. 2023 నవంబరు చివరి దినములలో నాగార్జునసాగరము ఆనకట్టపై ఉభయరాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగ నిలిచి, నడుమ కంచె వేసి కాచుచుండిరిగదా. వారిలో ఎవడైన సెల్‌ఫోను తీసి ఇంటికి మాటలాడినచో ఆ మాటలు ఏ కంచెయు లేని యుమ్మడి తరంగములమీదనే పోయియుండవలెను. ఈ విషయమును నేను బాహాటముగ నెచటను చెప్పలేదు. చెప్పినచో వానిని గూడ పంచుమని రేపే ఒక ఫైలు పుట్టును.

నోరుజారిన మాట ఫలమును ఇప్పుడు చెప్పెదను. నేను పదవీవిరమణ చేసి ఊరు చేరినపిదప ఒక ప్రొద్దుట చిన్నాయన కేలండరు కాగితమును తిరగవేసి, పెన్సిలుతో వచ్చి కూర్చుండెను.

"తరంగాలు జనానియ్యని పెద్దకోర్టు చెప్పిందంటివి గదా?"

"అన్నాను."

"2022 వేలంలో ఎంతొచ్చింది?"

"1,50,173 కోట్లు."

"జనం నూటనలభై కోట్లు." పెన్సిలు కొంతసేపు నడచెను. "తలకి వెయ్యిన్నీ డెబ్బైరెండు రూపాయలు. నా వాటా నాకిప్పించు."

కొన్నవారు ఆ సొమ్మును ఇరువది సమాన వార్షిక వాయిదాలలో చెల్లింపవచ్చునను సౌకర్యము కలదని నేను విన్నవించితిని. పెన్సిలు మరల నడచెను.

"అంటే ఏడాదికి యాభైమూడు రూపాయలు, పైన చిల్లర. సెల్లు రీచార్జికి నెలకు కూడా చాలదు. నా గాలిని వాళ్లకమ్మి, మళ్లీ నాకే అమ్ముతుంటే నువ్వు ఢిల్లీలో ఏం సలహాలిచ్చావురా? ముందు సివిల్ ప్రొసీజరు కోడు 80వ సెక్షను కింద నోటీసు రాయి. రెండు నెలల గడువు పెట్టు."

"ఇన్నాళ్లూ సర్కారు తరఫున చేసినవాణ్ని, సర్కారు మీదే నోటీసంటే ఎట్టా చిన్నాయనా?"

"రిటైరయ్యావుగా. ఊరికే రాయమనటంలా, ఫీజిస్తా. మొదటి ఏడాది వాయిదా నువ్వే ఉంచుకో. రెండో ఏడాది నుంచి మాత్రం నాకు ముట్టాలి, ఆ ముక్క కూడా నోటీసులోనే రాయి."