లోటు సుంకపు తాఖీదు: సటీకా తాత్పర్యము

మూలము: "సదరు ట్రస్టు ప్రకటన స్వభావరీత్యా సెటిల్‌మెంటుగా పరిగణింపబడినందున, మార్కెట్ విలువపై లోటు స్టాంపు సుంకము చెల్లించవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది."

అవతారిక: వ్యాఖ్యాతకు ఒక తమ్ముడున్నాడు. నలభై ఏళ్లొచ్చినా పదిరూపాయల నోటుకీ వందనోటుకీ తేడా తెలియదు. నా పేరనున్న 200 గజాల స్థలాన్ని ఇకమీదట వాడి కోసమే కాపాడతానని, ట్రస్టీని నేనేనని కాగితం రాసుకున్నాను. దానికి ఫలశ్రుతి పై మూలం.

ప్రతిపదార్థము: సదరు, లోటు, చెల్లించు... ఇవి తేటతెల్లం, ముఖ్యంగా చివరిది. వదిలేస్తున్నాం.

స్వభావరీత్యా: పేరు కాదు, సారం చూడాలన్నది కోర్టుల మాటే. చూద్దాం. రాసినవాడే ట్రస్టీ అయితే ఆస్తి బదలాయించనక్కర్లేదని 1882 నాటి ట్రస్టుల చట్టం 6వ సెక్షన్. ఇక్కడ స్థలం ఎవరి చేతికీ పోలేదు. పూర్వపక్షం: తన మీద ఆధారపడ్డవాడి కోసం ఆస్తి రాసిస్తే సెటిల్‌మెంటేనని స్టాంపుల చట్టం 2(24) అంటుంది కదా? అంటుంది. కాని ఆ 1899 చట్టం మొదటి షెడ్యూలులోనే సెటిల్‌మెంటుకు 58వ పద్దు, ట్రస్టు ప్రకటనకు 64వ పద్దు ఉన్నాయి. రెండూ ఒకటే అయితే శాసనకర్తలకు పునరుక్తి దోషం అంటగట్టాలి. అంత సాహసం మనకెందుకు?

పరిగణింపబడినందున: కర్మణి ప్రయోగం. ఎవరిచేత? తృతీయా విభక్తి మాయం. బల్ల దగ్గర అడిగితే "మేం కాదండీ, పైనుంచి" అన్నారు. వానలాగా సుంకం కూడా పైనుంచే పడుతుంది కాబోలు.

విశేషాంశము: భూమి కొలతల తగాదాలకు వామన చరిత్రే ఆదిగ్రంథం. బలి రాసిచ్చినవాడు, నీటిధార రిజిస్ట్రేషను, కలశపు రంధ్రానికి అడ్డం కూర్చున్న శుక్రుడు వకీలు. ఫీజు కింద ఒక కన్ను పోగొట్టుకున్నాడు. రాసిచ్చిన విస్తీర్ణం మూడడుగులు. సరే, ఎవరి అడుగు? ధార పోసిన క్షణాన పొట్టి వటువు పాదం. కొలిచేనాటికి త్రివిక్రముడి పాదం. దస్తావేజు విలువ రాసిన రోజుదా, అధికారి పెరిగిన రోజుదా? ఈ శంక లేవనెత్తిన వ్యాఖ్యాత నాకు కనబడలేదు. పోతన చదివినప్పుడల్లా నా మనసు అక్కడే ఆగుతుంది. బలి మాత్రం ఆగలేదు. రెండడుగులు ముందే సమర్పించుకుని, మూడోదానికి తల వంచాడు.

మనకూ అంతే. విలువ తేల్చమని స్టాంపుల చట్టం 47-ఏ కింద కలెక్టరుకు నివేదించాలంటే, మన రాష్ట్ర సవరణ ప్రకారం లోటులో సగం ముందే కట్టాలి. తప్పు లెక్క అని చెప్పుకోవడానికి ఆ లెక్కలోనే సగం! ఆ డబ్బు తమ్ముడి మందులకని దాచింది. అయినా కొలిచినవాడు బలికి ఎదురుగానే నిలబడ్డాడు. ఆ తరవాత అతని వాకిట కాపలా కూడా కాశాడు. మాకు తాఖీదిచ్చిన ఆఫీసు వాకిట కాపలా ఉన్నాయన భోజనాల వేళ అయిందని మమ్మల్ని రెండుసార్లు పంపించేశాడు.

తాత్పర్యము: మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన మెదకు సీమ వాడు మల్లినాథ సూరి. మూలంలో కారణం లేదు కనుక మేమూ రాయలేం. సగం కట్టి, అర్జీ పెట్టాం. విచారణ తేదీ "తెలియజేయబడును" అట.