ఇతరులకు ఇంక్లూజన్, కులానికి మినహాయింపు

గతంలో జరిగిన అన్యాయాన్ని బడిలో చెబితే ఆ అన్యాయం వల్ల లాభపడినవారి వారసుల మనసు నొచ్చుకుంటుంది గనుక చెప్పరాదనే సిద్ధాంతానికి అమెరికాలో దక్కుతున్న ఆదరణ చూస్తే, అక్కడ పాఠ్యపుస్తక రచన చరిత్రకారుల చేతుల్లోంచి హృద్రోగ నిపుణుల చేతుల్లోకి మారే రోజు ఎంతో దూరంలో లేదనిపిస్తుంది.

ఈ విద్యలో ప్రవాస భారతీయుల వాటా చిన్నదేమీ కాదు. 2005లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆరో తరగతి చరిత్ర పుస్తకాలను పరిశీలిస్తున్నప్పుడు వేదిక్ ఫౌండేషన్, హిందూ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ అనే సంస్థలు సవరణల జాబితాలు సమర్పించాయి. వాటిలో కొన్ని న్యాయమైనవే. హిందీని అరబ్బీ లిపిలో రాస్తారని చెప్పిన పుస్తకాన్ని దిద్దమంటే ఎవరికీ పేచీ ఉండనక్కర్లేదు. అసలు ప్రతిభ మిగతావాటిలో బయటపడింది. ప్రాచీన భారతంలో స్త్రీలకంటే పురుషులకు హక్కులు ఎక్కువన్న వాక్యాన్ని, వారి ధర్మాలూ హక్కులూ వేరన్నట్టుగా మార్చమన్నారు. అసమానతను ఒక్క కలంపోటుతో వైవిధ్యంగా, అంటే అక్కడివారు గౌరవంగా పిలుచుకునే డైవర్సిటీగా, ఇంత పొదుపుగా మార్చిన విద్యావేత్తలు అరుదు. కులవ్యవస్థ, అంటరానితనం గురించిన మాటలకూ కత్తెర పట్టారు. హార్వర్డ్ సంస్కృత ఆచార్యుడు మైకేల్ విట్జెల్, మరికొందరు పండితులు అడ్డుతగలడంతో, 2006 మార్చిలో రాష్ట్ర విద్యామండలి వివాదాస్పద సవరణల్లో చాలావాటిని పక్కనపెట్టింది.

ఫ్లోరిడా ఇంకా ముందుకు వెళ్లింది. జాతి కారణంగా విద్యార్థి అపరాధభావం అనుభవించి తీరాలనే బోధనను నిషేధిస్తూ 2022లో చట్టం చేసి, బానిసలు నేర్చుకున్న నైపుణ్యాలు కొన్ని సందర్భాల్లో వారికే ఉపయోగపడ్డాయని 2023 నాటి పాఠ్యప్రమాణాల్లో చేర్చింది. ఈ పద్ధతి తెలుగు చరిత్రకు అందితే నిజాం కాలపు తెలంగాణలో దొరల గడీల ముందు సాగిన వెట్టిచాకిరీ, జీతం లేని ఇంటర్న్‌షిప్‌గా తేలి, చేసినవారి అనుభవపత్రంలో ఒక గౌరవప్రదమైన పంక్తిగా మిగులుతుంది.

వింతేమిటంటే ఇంక్లూజన్, అంటే ఎవరినీ వెలి వేయకుండా కలుపుకోవడం, ప్రవాసులకు గిట్టని మాట కాదు. న్యూయార్క్ నగర బడులకు దీపావళి సెలవు ఇస్తూ 2023 నవంబరులో చట్టం వచ్చినప్పుడు ఆ మాట ఎంతో తియ్యగా వినిపించింది. అంతకు నెల ముందే, కులవివక్షను పేరుపెట్టి నిషేధించే బిల్లును కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్, ఉన్న చట్టాలే చాలునంటూ తిప్పిపంపారు. దాన్ని వ్యతిరేకించిన సంఘాలు కులం పేరెత్తడమే హిందువులందరికీ అవమానమని వాదించాయి. దీపాన్ని లోపలికి పిలిచి, దాని వెలుగులో కనిపించేదాన్ని గుమ్మం బయట ఉంచే ఈ ఏర్పాటును కలుపుగోలుతనమనడానికి గట్టి గుండె కావాలి.

బడిలో కులం ఊసే వినకుండా పెరిగిన పిల్లలకు, పెళ్లీడు రాగానే, కులానికొక విభాగం తెరిచిన వివాహ వెబ్‌సైట్లు ఆ లోటు తీరుస్తాయి. అక్కడ కులం, శాఖ, గోత్రం గడులను చాలా ఇళ్లలో తల్లిదండ్రులే శ్రద్ధగా నింపుతారు. ఆ గడులకు సవరణలు కోరుతూ ఎవరూ ఫౌండేషన్ పెట్టినట్టు కనబడదు.