ఆస్టిన్ ముద్ర

నేను టెక్సస్‌లో పుట్టిన ఒక కంపెనీ పత్రాన్ని. సర్కారు లెక్కలో నా పేరు ఫారం 205, సర్టిఫికెట్ ఆఫ్ ఫార్మేషన్. పైన మూలలో ‘ఫైల్డ్’ అన్న ముద్ర, దాని కింద 2013 నాటి తేదీ ఉంటాయి. నాకు పిన్ను కొట్టిన మరో కాగితం మీద రాష్ట్ర ముద్ర ఉంది. నడుమ ఒంటి నక్షత్రం, ఒక పక్క ఓక్ కొమ్మ, ఇంకో పక్క ఆలివ్ కొమ్మ. డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో తెలుగు ఆలుమగలిద్దరు నడిపే కేటరింగ్ వ్యాపారం, ఆ ముద్ర పడిన రోజు నుంచి ఒక లిమిటెడ్ లయబిలిటీ కంపెనీది, అంటే ఎల్‌ఎల్‌సీది అయింది. వాళ్లు దాని యజమానులే. అప్పులు, బిల్లులు, దావాలు మాత్రం దాని పేరు మీదే నడుస్తాయి. యజమానికీ వ్యాపారానికీ మధ్య ఆ ఎడం నిలబెట్టడమే నా పని.

మా జాతికి పెద్ద వయసేమీ లేదు. 1977లో వయోమింగ్ రాష్ట్రం ఒక చమురు కంపెనీ పట్టుబట్టి అడిగితే మొదటి ఎల్‌ఎల్‌సీ చట్టం చేసింది. మా మీద పన్ను ఎలా వేస్తారో తేలక ఆ తర్వాత పదేళ్లు వ్యాపారులు మా జోలికి పెద్దగా రాలేదు. మమ్మల్ని భాగస్వామ్యంలాగే చూస్తామని 1988లో కేంద్ర పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ చెప్పాక రాష్ట్రాలు ఒకదాని వెనక ఒకటి చట్టాలు చేసుకున్నాయి. టెక్సస్ 1991లో, డెలావేర్ 1992లో. హైదరాబాద్‌లో కంపెనీ పెట్టినా విజయవాడలో పెట్టినా ఒకటే కేంద్ర చట్టం. అమెరికాలో అలా కాదు. వాషింగ్టన్ మమ్మల్ని పుట్టించదు, ఏ రాష్ట్రంలో పుడితే ఆ రాష్ట్రం బిడ్డలం.

అందుకే నేను పుట్టకముందే నా పుట్టిల్లు ఎక్కడన్న దాని మీద ఆ ఇంట్లో నాలుగు వారాంతాలు చర్చ నడిచింది. భోజనానికి వచ్చిన స్నేహితులు, “డెలావేర్‌లో పెట్టండి, పెద్ద కంపెనీలన్నీ అక్కడే” అన్నారు. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం లెక్క వేసింది. వంట చేసేది ఇర్వింగ్‌లో, వడ్డించేది ప్లేనోలో. డెలావేర్‌లో పుట్టించినా టెక్సస్‌లో వ్యాపారం చేస్తున్నందుకు ఇక్కడ పరాయి రాష్ట్రపు కంపెనీగా నమోదు చేసుకోవాలి, దానికి ఫీజు 750 డాలర్లు. పైగా డెలావేర్‌కి ఏటా పన్ను కట్టాలి. నేరుగా టెక్సస్‌లో పుట్టిస్తే ఫీజు 300 డాలర్లే. పెట్టుబడిదారులను పోగేసే టెక్నాలజీ కంపెనీకి డెలావేర్ అవసరం ఉండొచ్చు. పులిహోర, గుత్తివంకాయ, బొబ్బట్లు చేసి అమ్మేవాళ్లకి ఆ అవసరం ఏముంది? ఆవిడ చెప్పిందే సరైన మాటని నా నమ్మకం.

నన్ను నింపింది కూడా ఆవిడే, భోజనాల బల్ల మీద. నాలో గళ్లు కొన్నే. మొదటిది పేరు. వాళ్లమ్మ పేరు రాసి, పక్కన ‘కిచెన్’ అని చేర్చి, చివర ఎల్‌ఎల్‌సీ అని పెట్టింది. ఆ చివరి ముక్క లేకపోతే రాష్ట్రం ఒప్పుకోదు. ఎదుటివాడు తాను ఎవరితో బేరం ఆడుతున్నాడో తెలుసుకోవాలి కదా. అమ్మ పేరు రాసేటప్పుడు కలం ఆగి ఆగి నడిచింది, ఆ అక్షరాలు మిగతా వాటికన్నా ముదురుగా పడ్డాయి.

రెండో గడి రిజిస్టర్డ్ ఏజెంట్. కంపెనీ మీద ఎవరైనా దావా వేస్తే కోర్టు కాగితాలు అందుకోవాల్సిన మనిషి. టెక్సస్‌లో వీధి చిరునామా ఉండాలి, పని వేళల్లో అక్కడ దొరకాలి, ఉత్త పోస్టు బాక్సు కుదరదు. “బయటివాళ్లకి ఏటా డబ్బెందుకు, నా పేరే రాసెయ్” అన్నాడాయన. ఇర్వింగ్ అపార్ట్‌మెంట్ నంబరుతో సహా ఆయన పేరు ఎక్కింది. ఆ గడి సంగతి మళ్లీ వస్తుంది.

తర్వాత మేనేజర్లు ఎవరు, కంపెనీ ఉద్దేశం ఏమిటి, కింద సంతకం. వీసా ఏమిటన్న ప్రశ్న నాలో ఎక్కడా ఉండదు. అది చూసి, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు కంపెనీ పెట్టడం తేలికే అనుకుంటారు. కంపెనీలో వాటా ఉండటం వేరు, అందులో పని చేయడం వేరు. ఆ రెండోది ఇమిగ్రేషన్ చట్టం తేల్చాల్సిన సంగతి, నా ముద్ర అక్కడ పనికిరాదు. ఈ ఆలుమగలు గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా ఆగి మరీ నా దగ్గరికి వచ్చారు.

రెండు కాపీలు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌కి పోస్టులో వెళ్లాయి. ఒకటి అక్కడ కంపెనీలను నమోదు చేసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం ఉంచుకుంది. ముద్ర వేయించుకుని తిరిగొచ్చిన రెండోదాన్ని నేను. ఆ సాయంత్రం నన్ను దేవుడి దగ్గర పెట్టి కుంకుమ బొట్టు పెట్టారు. ఆ మరక ఇంకా ఉంది.

వంట చేయడానికి నేనొక్కదాన్నే చాలనుకునేవాళ్లు చాలామంది. చాలను. ఆరోగ్య శాఖ పర్మిట్ వేరు, సేల్స్ టాక్స్ పర్మిట్ వేరు, ఐఆర్‌ఎస్ ఇచ్చే ఈఐఎన్ అనే పన్ను గుర్తింపు నంబరు వేరు. ఆ నంబరు ఉచితంగానే ఇస్తారు, డబ్బు గుంజే సైట్లు మాత్రం బోలెడు. నా వల్ల పన్నేమీ తగ్గదు కూడా. యజమాని ఒక్కరే అయితే ఐఆర్‌ఎస్ మామూలుగా నన్ను లేనట్టే లెక్కేసి లాభాన్ని ఆ మనిషి రిటర్నులోనే చూస్తుంది. ఆ ఇంటికి నేను చేసిపెట్టగలిగింది ఒక్కటే, వ్యాపారం అప్పు ఇంటి సొమ్ము దాకా రాకుండా అడ్డు నిలవడం.

ఆ పని ఒకసారి గట్టిగా చేశాను. 2016లో కంపెనీ వ్యాను నడిపే కుర్రాడు ఎల్‌బీజే ఫ్రీవే మీద ముందు కారుని గుద్దాడు. అవతలి లాయరు కంపెనీ మీద, ఆలుమగలిద్దరి మీద కలిపి దావా వేశాడు. ఆవిడ నన్ను ఫైల్లోంచి తీసి తమ లాయరు ముందు పెట్టింది. వ్యాను కంపెనీది, డ్రైవరుకి జీతం ఇచ్చేది కంపెనీ, బ్యాంకు ఖాతా విడిగా ఉంది, ఇంటి కరెంటు బిల్లు ఒక్కటి కూడా అందులోంచి కట్టలేదు. దావాలోంచి వాళ్లిద్దరి పేర్లూ తీసేశారు, మిగతాది కంపెనీ ఇన్సూరెన్సు చూసుకుంది. టెక్సస్‌లో సొంతింటికి చట్టం వేరే రక్షణ ఇస్తుంది, కాబట్టి ఇల్లు నేను కాపాడానని చెప్పుకోను. పదేళ్లు కూడబెట్టి బ్యాంకులో దాచుకున్న సొమ్ము నేను కాపాడాను. ఆ యాక్సిడెంటు ఆవిడే చేసి ఉంటే నేను అడ్డు రాలేకపోయేదాన్ని, ఎవరి చేతితో చేసిన తప్పుకి వాళ్లే జవాబు చెప్పాలి. వంటగది అద్దెకిచ్చిన ఆసామి కూడా నన్ను చూసి, “ఇది సరే, మీ ఇద్దరి సంతకాలూ విడిగా పెట్టండి” అని పర్సనల్ గ్యారంటీ రాయించుకున్నాడు. ఆ సంతకం పడ్డ చోట నా అడ్డు లేదు.

అంతకుముందే, 2014లో ఆవిడ తమ్ముడు 20 వేల డాలర్లు పెట్టి వాటాదారుడయ్యాడు. అప్పుడు రాసుకోవాల్సిన కాగితం ఒకటుంది. టెక్సస్‌లో దాన్ని కంపెనీ అగ్రిమెంట్ అంటారు, మిగతా చోట్ల ఆపరేటింగ్ అగ్రిమెంట్. దాన్ని ఆస్టిన్‌కి పంపక్కర్లేదు, ఇంట్లో ఉంచుకుంటే చాలు. ఎవరి వాటా ఎంత, ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది, ఎవరైనా వెళ్లిపోతానంటే ఏం చేయాలి అన్నవి అందులో ఉంటాయి. “మనవాళ్లమే కదరా, కాగితాలెందుకు” అన్నాడు బావ. “అవును బావా” అన్నాడు వాడు. ఫైల్లో నా వెనకే ఆ కాగితం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉండిపోయింది. అగ్రిమెంట్ రాసుకోకపోతే రాష్ట్ర చట్టమే మీ తరఫున రాసేస్తుంది. ఆ చట్టం ప్రకారం సభ్యుడు తనంతట తాను తప్పుకోలేడు, మిగతావాళ్లు అతన్ని తీసేయనూలేరు. మూడేళ్ల తర్వాత తమ్ముడికి ఇల్లు కొనుక్కోవడానికి ఆ డబ్బు అవసరమై అడిగితే, తిరిగిచ్చే దారి ఎవరికీ తెలియలేదు. రెండు సంక్రాంతులు అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోలేదు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. ఒక సాయంత్రం కూర్చుని రాసుకుంటే తీరిపోయే గొడవ అది.

2018లో వాళ్లు ఫ్రిస్కోలో పెద్ద ఇల్లు కొనుక్కుని వెళ్లారు. నన్ను ఊరగాయ జాడీలు, పాత దీపావళి తోరణాలతో కలిపి అట్టపెట్టెలో వేసి గ్యారేజీలో పెట్టారు. టెక్సస్ వేసవిలో గ్యారేజీ ఎలా కాగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. పిన్ను తుప్పు పట్టింది, ఆ తుప్పు నక్షత్రం మీదికి పాకింది. ఇదంతా భరించాను. నా బాధ వేరే ఉంది. రెండో గడిలో ఆయన పేరు పక్కన ఇంకా ఇర్వింగ్ అపార్ట్‌మెంటే ఉంది, దాన్ని మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

నాకు ఏటా ఒక తేదీ ఉంటుంది, మే 15. ఆ రోజుకల్లా రాష్ట్ర పన్నులు చూసే కంప్ట్రోలర్‌కి ఫ్రాంచైజ్ టాక్స్ (కంపెనీల మీద రాష్ట్రం వేసే పన్ను) రిపోర్టు, దాంతో పాటు మేనేజర్లు ఎవరో, ఎక్కడుంటారో చెప్పే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిపోర్టు అందాలి. చిన్న కంపెనీకి పన్ను సున్నా. సున్నా అని చెప్పడానికే అప్పట్లో ఆ కాగితం. 2019లో అది వెళ్లలేదు. హెచ్చరిక ఇర్వింగ్‌కే వెళ్లింది, అక్కడ వేరే కుటుంబం ఉంటోంది. హెచ్చరిక పంపిన 45 రోజుల్లో కదలకపోతే కంపెనీ హక్కులు పోతాయి. ఆ తర్వాత 120 రోజుల్లోనూ కదలకపోతే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కంపెనీ ఉనికినే రద్దు చేయొచ్చు. రెండూ జరిగాయి. పెట్టెలో ఉన్న నా మీద ముద్ర అలాగే ఉంది, దానికి విలువ మాత్రం పోయింది. ఆ సంగతి ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ప్రభుత్వ కాగితంలా కనిపించి డబ్బు గుంజే ప్రైవేటు ఉత్తరాలు మాత్రం ఫ్రిస్కో చిరునామా కనుక్కుని మరీ వచ్చేవి. అలాంటి ఒకదానికి ఆయన చెక్కు కూడా రాశాడు. అసలైన ఉత్తరం రాలేదేమని ఒక్కసారైనా అనుకుని ఉంటే ఎంత బాగుండేదో!

అదే ఏడాది చివర్లో ఆయన కంపెనీ పేరు మీద పెద్ద ఫ్రీజరు గది, ఓవెన్లు లీజుకి తీసుకున్నాడు. పర్సనల్ గ్యారంటీ అడగని అరుదైన కాంట్రాక్టు అది. నేను సజీవంగా ఉంటే ఆ అప్పు నా దగ్గరే ఆగేది. 2020లో కల్యాణ మండపాలు మూతపడ్డాయి, వాయిదాలు ఆగాయి, లీజు కంపెనీ కోర్టుకెక్కింది. ఆయన ధీమాగా లాయరు దగ్గరికి వెళ్లాడు. లాయరు కంప్యూటర్లో కంపెనీ పేరు కొట్టి తెర ఆయన వైపు తిప్పాడు. ‘ఫ్రాంచైజ్ టాక్స్ ఇన్‌వాలంటరిలీ ఎండెడ్’ అని ఉంది. రిపోర్టు గడువు దాటాక, హక్కులు తిరిగి రాకముందు చేసిన అప్పుకి మేనేజర్లే సొంతంగా జవాబుదారులని టెక్సస్ పన్ను చట్టం చెబుతుంది. తర్వాత కంపెనీకి ప్రాణం పోసినా ఆ బాధ్యత తీరదు. పెళ్లి రద్దు చేసుకుని డబ్బు ఎగ్గొట్టిన పార్టీ మీద దావా వేద్దామంటే, హక్కులు పోయిన కంపెనీకి కోర్టు తలుపు కూడా తెరుచుకోదు. 2016లో నేను కాపాడిన సొమ్ము ఆ లీజు వాయిదాలకి కరిగిపోయింది. రాయని ఒక్క సున్నా కోసం.

2024లో ఆవిడ మళ్లీ పొయ్యి వెలిగించాలనుకుంది. జాడీల కోసం పెట్టె తెరిచి నన్ను చూసింది. బాకీ పడ్డ రిపోర్టులన్నీ ఆవిడే ఒక్కొక్కటీ పంపింది, ఆలస్యానికి రిపోర్టుకి 50 డాలర్ల జరిమానా కట్టింది, కంప్ట్రోలర్ దగ్గర టాక్స్ క్లియరెన్స్ లెటర్ తీసుకుంది. దానికి కంపెనీని తిరిగి బతికించమని అడిగే ఫారం 801, 75 డాలర్లు జత చేసి పంపాలి. పంపబోతుండగా తెలిసింది, నేను చచ్చిపడి ఉన్న కాలంలో నా పేరు వేరెవరో తీసేసుకున్నారని. రద్దయిన కంపెనీ పేరుని రాష్ట్రం ఎవరి కోసమూ దాచి ఉంచదు. “మా అమ్మ పేరండీ అది” అంది ఆవిడ ఫోన్లో అవతలి గుమాస్తాతో, తెలుగులోనే. అవతల ఆమెకి అర్థం కాలేదు. ఇంకో 150 డాలర్లు కట్టి, సవరణ పత్రంతో కంపెనీకి తమ ఊరి పేరు పెట్టుకున్నారు. అమ్మ పేరు ఇప్పుడు ఉన్నది నా మీదే.

ఈసారి ఏజెంటుగా డబ్బు తీసుకుని పని చేసే సంస్థని పెట్టింది. ఆ ఏడాది నుంచి రాష్ట్రం పెట్టిన హద్దు (అప్పటికి 24 లక్షల 70 వేల డాలర్లు) మించని వ్యాపారానికి సున్నా రిపోర్టు అక్కర్లేదని నిబంధన మారింది. చాలామంది అంతటితో మే 15 గొడవ వదిలిందనుకుంటున్నారు. పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిపోర్టు ఇప్పటికీ పంపాల్సిందే. అది ఆవిడకి తెలుసు.

కంపెనీ అగ్రిమెంట్ రాయడానికి తమ్ముడు హ్యూస్టన్ నుంచి వచ్చాడు. “అక్కా, నేను తప్పుకునే దారి కూడా రాయి” అన్నాడు. “వచ్చీ రాగానే వెళ్లిపోయే మాటేంట్రా” అన్నాడు బావ, కాస్త నొచ్చుకుని. “రాయనివ్వండి” అంది ఆవిడ. ఎన్ని నెలల ముందు చెప్పాలి, వాటాకి వెల ఎవరు కట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి అని రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకున్నారు. చివరికి ఆరు నెలల ముందస్తు నోటీసు, రెండేళ్ల వాయిదాల దగ్గర తేలింది. ముగ్గురూ సంతకాలు పెట్టాక ఆ పేజీలు నా వెనక, ఖాళీగా ఉండిపోయిన చోట పెట్టారు. మర్నాడు మా ఇద్దరినీ బ్యాంకుకి తీసుకెళ్లింది, ఖాతా కొత్త పేరు మీదికి మార్చడానికి.