టెన్నిస్ ఎరగని టెన్నిస్ ఎల్బో

బరంపురంలో పట్టుచీరల కొట్టు గుమాస్తాని కుడిచెయ్యి చూసి పోల్చుకోవచ్చు. మోచేతి మడత మీద నల్లటి పట్టీ, దగ్గరికెళ్తే నొప్పి మందు ఘాటు. ఏమైందని అడిగితే 'టెన్నిస్ ఎల్బో' అంటాడు, జమీందారీ బిరుదు చెప్పుకున్నంత ఠీవిగా. రాకెట్టు ముట్టిన పాపాన పోలేదు; వింబుల్డన్ ఏ జిల్లాలో ఉందో ఆరా తియ్యలేదు. అయినా కుర్రతనంలో తాలింఖానాలో దండీలు, బస్కీలు తీశానని, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చిన కె. రవికుమార్ మా ఊరివాడేనని, ఆ బరువుల తాలూకు వాటా ఏదో తన చేతికీ తగిలిందని గట్టిగా నమ్ముతాడు. నొప్పికి వీరగాథ కావాలి మరి. చీరలు విప్పి విప్పి చెయ్యి పోయిందంటే ఎవరు జాలిపడతారు?

జరిగింది మాత్రం అదే. ఫొడా కుంభం అంచున్న పట్టుచీర తేలికైంది కాదు. అరచెయ్యి కిందికి తిప్పి, అంచుని వేళ్ళకొసలతో బిగించి, మణికట్టుని పైకి విసిరితేనే అది పరుపు పొడుగునా జారుతుంది. ఆ విసురుకి పనిచేసే కండరాలు మోచేతి బయటిపక్క ఎముక గుబ్బకి చిన్న తాడులాంటి టెండన్‌తో అతుక్కుని ఉంటాయి. టెన్నిస్‌లో బ్యాక్‌హ్యాండ్ కొట్టేవాడిదీ ఇదే విసురు కాబట్టి 1880ల్లో ఆ పేరు పడింది గాని, ఈ బాధతో మూలిగేవాళ్ళలో టెన్నిస్ ఆడేవాళ్ళు కొద్దిమందే. వడ్రంగులు, వంటవాళ్ళు, అప్పడాల కర్ర వదలని ఆడవాళ్ళు (అప్పడాలు ఈ ఊరికి పట్టుకి తీసిపోని కీర్తి) ఎక్కువ, అదీ 35కీ 55కీ మధ్య వయసులో. ఒక్క పెళ్ళివారు నలభై చీరలు చూసి 'ఇంకేం లేవా బాబూ' అంటే, విప్పడానికి నలభై విసుర్లు, మడవడానికి అంతకు రెట్టింపు. ఒక్కో విసురుకి అయ్యే నష్టం గింజంత. రాత్రి నిద్రలో శరీరం దాన్ని పూడ్చుకుంటుంది. ముహూర్తాల నెలల్లో పూడిక కంటే తవ్వకం ఎక్కువై బాకీ పేరుకుంటుంది. ఊళ్ళో అందరి ఖాతాలూ నోటికి చెప్పగల గుమాస్తా ఈ ఒక్క ఖాతా తెరవడు.

'సూది వేయించుకుంటే వారంలో తగ్గిందే' అన్నది అతని మొదటి వాదన. నిజమే. స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు హాయినిస్తుంది. ఏడాది తర్వాత లెక్క చూస్తే సూది పొడిపించుకున్నవాళ్ళకే తిరగబెట్టడం ఎక్కువని 2006లో, 2013లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలు తేల్చాయి. పాత బాకీకి కొత్త అప్పన్నమాట. 'అయితే నెల్లాళ్ళు చెయ్యే కదపను' అంటాడు వెంటనే. పూర్తిగా పడుకోబెట్టిన టెండన్ నీరసించి మొదటి చీరకే మళ్ళీ మూలుగుతుంది. కావలసింది వాయిదాల చెల్లింపు: ముంజెయ్యి బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికుండేలా మణికట్టుని బల్ల అంచు దాటించి, అరలీటరు నీళ్ళ సీసాని ఎడంచేతి సాయంతో పైకి లేపి, కుడిచేత్తో నెమ్మదిగా దించడం, రోజూ, ఓర్చుకోగలిగినంత వరకే, రెండు మూడు నెలలు. పట్టీ కట్టాల్సింది మడతకి రెండు వేళ్ళ కిందుగా, ముంజేతి కండ మీద. ఇప్పుడున్నచోట అది ఉత్త నగ. చిటికెనవేలు తిమ్మిరెక్కితే కథ వేరు: మోచేతి లోపలిపక్క నరం నలుగుతోందని అర్థం, గంటలకొద్దీ చెయ్యి మడిచి ఫోను చెవికి ఆనించేవాళ్ళకీ వస్తుంది. అప్పుడు పట్టీ విప్పేసి డాక్టరుకి చూపించుకోవాలి.

మూడో అభ్యంతరం గట్టిది. 'నేను పని మానితే కొట్టువాళ్ళు నన్ను మానేస్తారు.' రోజుకూలీ మీద బతికేవాడికి విశ్రాంతి సలహా మోచేతికి బెల్లం రాసి నాకమనడమే. ఎడంచేత్తో విప్పమందామా అంటే, పెళ్ళిచీర ఎడంచేత్తో చూపిస్తే బేరం పోవడం అటుంచి, పెళ్ళికూతురి అమ్మమ్మ తగువుకొస్తుంది. ఇక మిగిలిన దారి ఒకటి: మోచేతుల్ని నడుముకి దగ్గరగా పెట్టి, అరచేతులు పైకి తిప్పి, రెండు చేతులా చీరని ఎత్తి పరచడం. బరువు జబ్బల మీదికి మారి గుబ్బ దగ్గరి టెండన్ తెరిపిన పడుతుంది. చిక్కల్లా, చూసేవాళ్ళకి అది బుఢీ ఠకురాణి అమ్మవారికి చీర సమర్పిస్తున్నట్టుంటుంది. అంత మర్యాద ఏ కొట్లోనూ ఎరగని పెళ్ళికూతురి పిన్ని పరుపు మీద ఇంకాస్త సర్దుకు కూర్చుంటుంది. 'బాబూ, ఆ పై అరలోవి కూడా దించు నాయనా, ఒక్కొక్కటీ విప్పి చూపించు.'