చెత్త లేదు, సర్టిఫికెట్ ఉంది

మన దేశంలో ప్లాస్టిక్ చెత్త సమస్య తీరిపోయింది. నమ్మకం లేకపోతే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి పోర్టల్ తెరిచి చూసుకోండి. వీధి చివర మురుగుకాలవ వైపు మాత్రం వెళ్లకండి. లేనిపోని అనుమానాలొస్తాయి.

2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఏర్పాటు ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో సరుకు అమ్మే కంపెనీయే ఆ ప్లాస్టిక్‌కి జవాబుదారీ. 2021-22కి 25 శాతం, మరుసటి ఏడు 70, 2023-24 నుంచి నూటికి నూరు. మరి కంపెనీవారు గోనెసంచి భుజాన వేసుకుని వీధులు తిరగాలా? అబ్బే, అంత కష్టం వారికెందుకు! ఎక్కడో రీసైక్లింగ్ చేశామన్న ఫ్యాక్టరీ దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కుని ఆ పోర్టల్‌లో చూపిస్తే సరి.

ఇంత సులువైన సరుకు దొరికితే మనవాళ్లు ఊరుకుంటారా? 2022-23లో దాదాపు 37 లక్షల సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి. అనుమానమొచ్చి గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లో కొన్ని రీసైక్లింగ్ కంపెనీలను తనిఖీ చేస్తే సుమారు 6 లక్షలు దొంగవని తేలింది. దానికి ఇంత గొడవెందుకో నాకర్థం కాదు. చుక్క నీరు ఖర్చవలేదు, కరెంటు కాలలేదు, పొగ రాలేదు. పర్యావరణానికి ఇంత మేలైన రీసైక్లింగ్ ఇంకెక్కడుంది?

ఇక షాంపూ సాషేలు, చిప్స్ ప్యాకెట్ల సంగతి. ప్లాస్టిక్‌నీ అల్యూమినియాన్నీ పొరలుగా అంటించిన ప్యాకెట్‌ని మళ్లీ విడదీయడం మహా కష్టం. రీసైక్లింగ్‌కి లొంగని అలాంటివాటిని రెండేళ్లలో ఆపేయాలని 2016 నిబంధనలు గట్టిగానే చెప్పాయి. రెండేళ్లూ గడిచాయి. 2018లో నిబంధననే సవరించారు. రీసైక్లింగ్ కాకపోయినా పర్లేదు, దాన్నుంచి శక్తి పుట్టినా, మరో పనికొచ్చినా ఉండొచ్చన్నారు. అంటే మండితే చాలు. మండని ప్యాకెట్‌ని ఎవరైనా చూశారా? 2022 జులై 1న ప్లాస్టిక్ స్ట్రాలనూ, చెవిపుల్లలనూ నిషేధించిన చేత్తోనే సాషేని వదిలేశారు. పుల్ల చేసిన పాపమేమిటో!

తెల్లవారకముందే చెత్తకుండీ దగ్గరికి వచ్చే ఆమెకి ఈ వర్గీకరణలన్నీ కొట్టినపిండి. నీళ్లసీసా దొరికితే మూత తిప్పి, కాలితో తొక్కి, సంచిలో వేస్తుంది. సాషే దొరికితే అక్కడే పడేస్తుంది. వందలకొద్దీ ఏరినా కిలో తూగదు, తూగినా పాతసామాన్ల కొట్టువాడు కొనడు. సీసాల్ని ఆమె ఈ పోర్టల్ పుట్టకముందు నుంచీ ఏరుతోంది. ఇప్పుడు ఆ ఏరుడుకి కంపెనీ బాధ్యత అని పేరొచ్చింది, కిలో ధర మాత్రం కొట్టువాడు చెప్పిందే.

ఈ సౌకర్యం మామూలు జనానికీ ఇవ్వాలని నా మనవి. నేను హైదరాబాద్‌లో నడిరోడ్డు మీద చెత్త పోస్తాను. ఏలూరులో ఎవరో తమ వాకిలి ఊడ్చుకుంటే దానికి సర్టిఫికెట్ కొంటాను. జరిమానా రాయడానికొచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి అదే చూపిస్తాను. ఆయన ఒప్పుకోకపోతే, ‘కంపెనీల దగ్గర చెల్లిన కాగితం నా దగ్గరెందుకు చెల్లదు సార్?’ అని అడుగుతాను.