ముద్దాయి: సెల్‌ఫోన్ చార్జర్

కిరాయి ఇంట్లో కరెంటు బిల్లు పెరిగిందంటే మొదటి ముద్దాయి సెల్‌ఫోన్ చార్జర్. హైదరాబాద్‌లో అంతే, మనూర్‌లోనూ అంతే. బడికో, బ్యాంకుకో, మండల ఆఫీసుకో బదిలీ మీద వచ్చి ఇక్కడ పోర్షన్‌లో దిగినవాళ్లకు ఈ తీర్పు కంఠతా వచ్చు. "చార్జర్ ప్లగ్గులనే వదిలేస్తరు మేడం, మరి బిల్లు రాకుంటె ఏమైతది?" అని ఓనరు మెట్ల మీద నిలబడి అంటాడు. దాని మీద అప్పీలు లేదు.

ముద్దాయి తరఫున రెండు ముక్కలు చెప్పాలి. ఫోను తగిలించకుండా ప్లగ్గులో ఉన్న నేటి చార్జర్ అర వాట్ కూడా గుంజదు. నెలంతా వదిలేసినా అర యూనిట్ కాదు. రెండు వేల వాట్ల గీజర్ గంట నడిస్తే రెండు యూనిట్లు, అంటే ఆ చార్జర్ అయిదు నెలల పైచిలుకు పాపం. ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్ లాగుతుంది. ట్యాంకు నిండి, నీళ్లు గోడ దిగి, సందులోకి పారేదాకా ఆ మోటారు బందు చేయనిది ఎవరో దర్యాప్తులో ఎన్నడూ తేలదు. అది ఎవరి మీటర్ మీద నడుస్తుందో అసలే తేలదు.

మనూర్ పొలాల్లో బోరు మోటారుకు కరెంటు ఉచితం. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఇస్తామని సర్కారు ప్రకటించింది కూడా. ఊళ్లో ఓనరు ట్యాంకు మోటారుకూ ఉచితమే. కాకపోతే ఆ ఉచితాన్ని ఇచ్చేది సర్కారు కాదు, కింది పోర్షన్ టీచరమ్మ.

ఇక ధర సంగతి. తెలంగాణలో కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) యూనిట్ ధర మార్చాలంటే విద్యుత్ నియంత్రణ మండలికి ప్రతిపాదన పెట్టాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగ విచారణ జరగాలి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసు తుపాకులు పేలింది కూడా కరెంటు ఛార్జీల పెంపు దగ్గరనే. ఓనరుకు ఈ బాధలేవీ లేవు. "వచ్చే నెల సంది యూనిట్‌కు ఎనిమిది" అంటాడు. ప్రతిపాదన, విచారణ, ఉత్తర్వు అన్నీ ఆ ఒక్క ముక్కలోనే అయిపోతాయి.

ఎనిమిదే ఎందుకని అడిగితే "డిపార్ట్‌మెంటోళ్లే అట్ల ఏస్తున్నరు" అని జవాబు. డిపార్ట్‌మెంటోళ్లు ఎట్లా వేస్తారో చూద్దాం. 2022 ఏప్రిల్ నాటి టారిఫ్ ప్రకారం నెలకు వంద యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి యాభై యూనిట్లు 1.95 రూపాయల చొప్పున, తర్వాతి యాభై 3.10 చొప్పున. వంద దాటి రెండు వందల లోపు అయితే మొదటి వంద 3.40, ఆ పైవి 4.80. రెండు వందలు దాటితే మొదటి రెండు వందలూ 5.10 అవుతాయి, ఆ తర్వాతి వంద 7.70. స్థిర ఛార్జీలు, సుంకం పక్కన పెడితే 200 యూనిట్లకు 820 రూపాయలు, 201 యూనిట్లకు 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. బంగారం తూచినంత జాగ్రత్తగా వాడుకోవాల్సిన యూనిట్ అది.

ఇప్పుడు ఓనరు గొప్పతనం చూడండి. మూడు పోర్షన్లు, ఒకే సర్వీసు, గోడకు మూడు సబ్ మీటర్లు. ఒక్కొక్కరు 95 యూనిట్లు వాడారనుకుందాం. ఎవరి మీటర్ వారికి ఉంటే తలా 237 రూపాయలు, ముగ్గురికీ కలిపి 711. ఒకే మీటర్ కాబట్టి 285 యూనిట్లయి, బిల్లు 1,674.50కి ఎక్కుతుంది. ఓనరు యూనిట్‌కు ఎనిమిది లెక్కన వసూలు చేసేది 2,280. పొదుపుగా బతికే మూడు కుటుంబాలను ఒక తీగకు కట్టి, కాగితం మీద ఒక దుబారా కుటుంబంగా మార్చి, పైన ఆరు వందలు మిగుల్చుకోవడం సామాన్యమైన విద్య కాదు.

డిస్కంలు పరమ పవిత్రాలని నేను అనను. 2020 లాక్‌డౌన్‌లో రీడింగు తీయకుండా, జూన్‌లో మూడు నెలలది ఒకేసారి తీస్తే స్లాబు మారి బిల్లు పేలిందని రాష్ట్రమంతా గగ్గోలు పెట్టింది. మూడుతో భాగించే లెక్క కట్టామని వాళ్లు సంజాయిషీ అయినా ఇచ్చుకున్నారు. మూడు ఇళ్లను కలిపినందుకు మూడుతో భాగించిన ఓనరు ఉంటే చూపించండి, శాలువా నేను తెస్తాను.

2024 మార్చిలో గృహజ్యోతి పథకం వచ్చాక ఈ విద్య ఇంకా ముదిరింది. రేషన్ కార్డు ఉన్న అర్హులకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, కిరాయిదారులకూ వర్తిస్తుందని సర్కారే చెప్పింది. కానీ 285 యూనిట్ల ఉమ్మడి మీటర్‌కు జీరో ఎక్కడిది? వేరే మీటర్ పెట్టించమంటే "ఖర్చయితది సార్" అంటాడు. నిజమే, అయితది. నెలనెలా మిగిలే ఆరు వందలు ఖర్చయిపోతాయి.

దర్యాప్తు చేసే తీరు ఒకటుంది, చార్జర్ జోలికి పోనక్కర్లేదు. మీ పోర్షన్ మెయిన్ బందు చేసి మీటర్ మీది ఎర్ర లైటు చూడండి. అప్పటికీ మినుకుమంటుంటే మీ మీటర్ మీద ఇంకెవరిదో వైరు ఉందని అనుమానించొచ్చు. డిస్కం మీటర్ మీద అనుమానముంటే 1912కు చెప్పండి. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన అయిదు రోజుల్లో అదనపు మీటర్ బిగించి, కనీసం మూడు నెలలు సరిచూడాలి. ఓనరు నారాయణఖేడ్ బజార్లో కొనుక్కొచ్చిన సబ్ మీటర్‌కు ఈ నిబంధన లేదు. దానికి ఓనరు మాటే ప్రమాణం.

కొన్న ధరకు పంచుకోవడం వేరు, లాభానికి అమ్మడం వేరు. 2003 విద్యుత్ చట్టం 12వ సెక్షన్ లైసెన్సు లేనిదే కరెంటు వ్యాపారం చేయొద్దంటుంది. మనూర్‌లో కిరాయికి దిగబోయేవారు అడ్వాన్సు ఇచ్చే ముందు గోడ మీది డిస్కం మీటర్లు లెక్కపెట్టుకోండి. పోర్షన్లు మూడు, మీటర్ ఒకటి అయితే డిస్కం బిల్లు కాగితం చూపిస్తేనే, ఆ లెక్క ప్రకారమే కరెంటు పైసలు ఇస్తానని ఆ రోజే చెప్పండి.