ఇల్లుబండి పద్యమునకు టీకా తాత్పర్యము

కొన్న బండిలోన కూర్చొని పోవచ్చు
కట్టుకున్న బండి కదలదాయె
తూనికందు నిలిచి ధ్రువపత్ర మందిన
యదియె యిల్లుబండి యనగవలయు

అవతారిక: విజయవాడ ఆటోనగర్ షెడ్డులో ఒక గృహస్థు ఖాళీ వ్యాను పక్కన నిలబడి, "మంచం, పొయ్యి మనమే పెట్టుకుంటే బోలెడు మిగులుతుంది కదా మేస్త్రీ" అనగా, మేస్త్రి బీడీ ఆర్పి చెప్పిన పద్యము.

ప్రతిపదార్థము: కొన్న = సొమ్ము పోసి తెచ్చుకొన్న; బండిలోన = మోటార్ కారవాన్‌లో; కూర్చొని పోవచ్చు = మరునాడే అరకు పోవచ్చును; కట్టుకున్న = ఆదివారములందు చెక్కయు వైర్లును నింపుకొన్న; కదలదాయె = రెండు సంక్రాంతులు దాటినను షెడ్డులోనే ఉండెను; తూనికందు = కాటా మీద; నిలిచి = అనుమతించిన బరువు మీరక; ధ్రువపత్రము = రవాణా శాఖవారి కాగితము; తక్కినది సుగమము.

తాత్పర్యము: కొన్నవాడు బయలుదేరును, కట్టువాడు కట్టుచుండును. ఎవనిది ఇల్లుబండియో కాటాయు కార్యాలయమును తేల్చును.

విశేషములు: కట్టుకొనుటయే చవక అని పూర్వపక్షము. ఆ లెక్కలో ప్లైవుడ్, బ్యాటరీ, నీటి పంపు ఉండును. కట్టువాని ఆదివారములు ఉండవు. ఆ ఆదివారములు ఖర్చు కాదు, సుఖమే అనువాడు కట్టుటకు అధికారి. ప్రయాణము అతనికి ఒక సాకు. అరకు చూడగోరువాడు మాత్రము కొనవలెను. ఇది మా మతము, మేస్త్రి ఒప్పుకొనలేదు.

"తూనిక" అను పదము పద్యమునకు ప్రాణము. నూరు లీటర్ల నీరు నూరు కిలోలు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు, ఎనిమిదడుగులకు నాలుగడుగులది, 30 కిలోలకు పైమాటే. గృహస్థు అలమరాలన్నియు ఒకే పక్కన పెట్టించినచో బండి ఆ పక్కకే ఒరుగును. కాగితముపై బొమ్మ గీయునపుడు ఇవేవియు బరువుండవు.

మూలమున ఏసీ ప్రస్తావన లేదు. కారణము: 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉన్నది 1,280 వాట్ అవర్లు. ఒక టన్ను ఏసీ దానిని సుమారు గంటలో త్రాగివేయును. పిమ్మట కిటికీయే గతి.

"ధ్రువపత్రము": 1988 నాటి మోటారు వాహనాల చట్టము 52వ సెక్షన్, తయారీదారు చెప్పిన వివరములు మారునట్లు యజమాని మార్పులు చేయరాదనును. చెల్లని మార్పులకు 2019 సవరణ ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండును చెప్పెను. "మంచమొక మార్పు, పొయ్యి మరియొక మార్పా?" అని శిష్యుడడిగెను. ఈ సందేహమును ఆర్టీఓ ఆఫీసులో వెలిబుచ్చవలదని గురువు ఆజ్ఞ. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అను ప్రమాణము కలదు. ఆ పరీక్షల తలనొప్పి తయారీదారుకు విడిచి, ఆమోదము పొందిన బండినే కొనుట ఈ దేశమున కొనువారికి గల పెద్ద లాభము. ధరలో బేరము దీని తరువాతిదే.

"ఇల్లు": బల్ల-కుర్చీలు, పడక, వంట ఏర్పాటు, సామాను అర అని లక్షణములు నాలుగు. షూటింగులో నటులు మేకప్ వేసుకొను క్యారవాన్‌ను ఇందు చేర్చుట కొందరి భ్రమ. పొయ్యి లేనిచో అది ఇల్లు కాదు, గదియే.

ఛందస్సు: ఆటవెలది. సీసము ఏల వ్రాయలేదనగా, 100 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ సుమారు 30 కిలోలు, లిథియంది 12 కిలోలేనని మేస్త్రి సమాధానము.